కుట్లు విప్పాక ఎవరి లెక్కలో ఉంటారు?

రణస్థలం దగ్గరో టెక్కలి దాటాకో హైవే మీద బైకు జారిపోతుంది. ఉద్దానంలో అయితే కొబ్బరిచెట్టు మీంచి కాలు జారుతుంది. పదిహేనేళ్ల కుర్రాడి తలకు దెబ్బ తగులుతుంది. 108 వస్తుంది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో స్కాన్ తీస్తారు, పరిస్థితి బాగోలేకపోతే విశాఖ కేజీహెచ్‌కి పంపిస్తారు. ఆపరేషన్ అవసరమైతే చేస్తారు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారినా, జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీగానే ఉన్న పథకం కింద కాగితాలు నడుస్తాయి. కొన్నాళ్లకు కుట్లు విప్పి, ఫిట్స్ రాకుండా మాత్రలు రాసి, నెల తర్వాత చూపించమని చీటీ ఇస్తారు. ఇంతవరకూ ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరున్నారు, ప్రతి మెట్టుకీ ఒక రిజిస్టరు ఉంది. ఆ కుర్రాడు ఇంటి గుమ్మం తొక్కిన రోజు నుంచి మాత్రం అతని పేరు ఏ రిజిస్టర్లోనూ కనిపించదు.

అసలు కథ మొదలయ్యేది అక్కడే. జుట్టు పెరిగి మచ్చ కప్పుకుపోతుంది. నడుస్తాడు, తింటాడు, క్రికెట్‌కీ వెళ్తాడు. కానీ చెప్పిన పని అయిదు నిమిషాల్లో మర్చిపోతాడు. చిన్న మాటకే కంచం విసిరేస్తాడు. మధ్యాహ్నానికల్లా నీరసపడి క్లాసులో తల వాల్చేస్తాడు. “మా గుంటడు ముందులాగ నేడండి. దెబ్బ తగ్గిపోనాది గానీ బుద్ధి మారిపోనాది” అంటుంది తల్లి. ఊళ్లో కొందరు గాలి సోకిందంటారు. బళ్లో మాస్టారు పొగరంటారు. పెద్దాసుపత్రిలో మళ్లీ చూపిస్తే స్కాన్ బాగానే ఉందంటారు. వాళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి కనిపించినంత మేర వాళ్లు చెబుతున్నారు.

ఇలాంటి పిల్లలకూ వాళ్ల కుటుంబాలకూ వీడియో కాల్ ద్వారా వారం వారం థెరపీ అందించే పద్ధతులు రెండు దశాబ్దాలుగా ఉన్నాయి. పరీక్షల్లో నెగ్గాయి కూడా. వాటిని శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాల్లో నడపాలంటే ఏం కావాలన్నది ఇక్కడి ప్రశ్న. టెక్నాలజీ గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు గానీ, నిజానికి ఇందులో అన్నిటికన్నా తేలికైన భాగం అదే.

ముందు గాయం సంగతి. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు పుర్రె లోపలి గోడలకు కొట్టుకుంటుంది. నుదుటి వెనకాల, కణతల పక్కన ఉండే భాగాలు ఎక్కువగా నలుగుతాయి. ఒక పనిని ముందుగా ఆలోచించుకుని వరసలో పెట్టుకోవడం, నోటికొచ్చిన మాటను ఒక్క క్షణం ఆపుకోవడం, చేస్తున్న పని మధ్యలో ఇంకోటి వచ్చినా మొదటిది మర్చిపోకుండా ఉండటం, ఇవన్నీ నుదుటి వెనక భాగం చూసుకునే పనులు. ఆ భాగం పూర్తిగా ఎదిగేసరికి దాదాపు ఇరవై అయిదేళ్లు వస్తాయి. అంటే పద్నాలుగేళ్ల పిల్లకు దెబ్బ తగిలిందంటే, ఇంకా కడుతున్న ఇంటికి తగిలినట్టు. అప్పటికి లేచిన గోడ పగిలితే కంటికి కనిపిస్తుంది. ఇంకా లేవని గోడ సంగతి దాని వంతు వచ్చినప్పుడు గానీ బయటపడదు. ఎనిమిదో తరగతిలో దెబ్బ తగిలిన పిల్ల ఆ ఏడు ఎలాగో నెట్టుకొచ్చి, పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు ఒక్కసారి మీద పడ్డాక చతికిలపడటం అందుకే. రెండేళ్ల కిందటి దెబ్బకీ ఇవాళ్టి ఫెయిల్‌కీ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తోచదు.

ఆస్పత్రిలో దెబ్బ తీవ్రతను గ్లాస్గో కోమా స్కేలుతో కొలుస్తారు. 13 నుంచి 15 అయితే స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. ప్రాణం నిలబెట్టడానికి ఆ లెక్క చాలా అవసరం. కానీ కళ్లు తెరిచాడా, మాట్లాడాడా, చెయ్యి కదిపాడా అన్నదే ఆ స్కేలు చూస్తుంది. ఆర్నెల్ల తర్వాత చెల్లెలి మీద చెయ్యి చేసుకుంటాడా లేదా అన్నది దానికి తెలియదు. సీటీ స్కాన్ అయినా అంతే. రక్తం గడ్డకట్టిందా, ఎముక విరిగిందా చూపిస్తుంది. నరాల తీగల్లో పడిన సన్నటి చీలికలు చాలావరకు దాని కంటికి ఆనవు.

ఇక థెరపీ. ఈ రంగంలో ఎక్కువగా పరీక్షకు నిలిచినది అమెరికాలోని సిన్సినాటీ పిల్లల ఆస్పత్రిలో షారీ వేడ్ అనే సైకాలజిస్టు బృందం తయారుచేసిన ఆన్‌లైన్ సమస్యా పరిష్కార కార్యక్రమం. టీనేజ్ పిల్లల కోసం చేసిన రూపాన్ని ‘టాప్స్’ అని పొట్టిగా పిలుస్తారు. దాని పద్ధతి ఇదీ. కుటుంబం ముందుగా ఒక పాఠాన్ని ఆన్‌లైన్లో చూసుకుంటుంది. ఆ తర్వాత థెరపిస్టు వీడియో కాల్లోకి వచ్చి, ఆ పాఠాన్ని ఆ ఇంటి సమస్యకు అన్వయించి మాట్లాడతారు. అందరికీ చెప్పే పాఠాలు సుమారు పది. నిద్ర, నొప్పి, అన్నదమ్ముల గొడవల్లాంటివి అవసరాన్ని బట్టి కలుస్తాయి. పిల్లాడిని గదిలో కూర్చోబెట్టి మందలించే తరహా కాదిది. ఇల్లంతా కలిసి చేసే పని.

ఈ బృందం చేసిన ఒక పెద్ద పరీక్షలో 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 132 మందిని తీసుకున్నారు. అందరూ దెబ్బ తగిలి ఒకటి నుంచి ఆరు నెలలైనవాళ్లు. సగం మందికి థెరపిస్టుతో ఈ కార్యక్రమం, మిగతా సగానికి తల గాయాల మీద మంచి సమాచారం ఉన్న వెబ్ లింకులు ఇచ్చారు. పనులు వరసలో పెట్టుకునే శక్తి, తమను తాము అదుపు చేసుకునే శక్తి థెరపీ పొందిన పెద్ద పిల్లల్లో, అంటే తొమ్మిదో తరగతీ ఆ పైనా చదివే వయసువాళ్లలో, మెరుగయ్యాయని తల్లిదండ్రుల మాటల్లో తేలింది. చిన్నవాళ్లలో ఆ తేడా అంతగా కనిపించలేదు. థెరపీని ముఖాముఖిగా, థెరపిస్టుతో ఆన్‌లైన్లో, థెరపిస్టు లేకుండా ఆన్‌లైన్లో ఇచ్చి పోల్చిన ఇంకో పరీక్షలో ఆన్‌లైన్ పద్ధతులు ముఖాముఖి కన్నా వెనకబడలేదు. ఆదాయం తక్కువున్న ఇళ్లలో తల్లిదండ్రుల దిగులు ఎక్కువగా తగ్గినట్టు కూడా ఈ బృందం పనిలో కనిపించింది. మన జిల్లాల వరకు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఈ చివరిదే.

కాగితం మీద ఇదంతా పొడిపొడిగా ఉంటుంది కాబట్టి ఒక ఇంటిని ఊహించుకుందాం. నరసన్నపేట పక్కన ఒక ఊరు. పదో తరగతి కుర్రాడు, ఏడో తరగతి చెల్లెలు, తల్లి, నాయనమ్మ. తండ్రి చెన్నైలో బిల్డింగు పనిలో ఉంటాడు. ఇంట్లో రోజూ పొద్దున్నే గొడవ. కుర్రాడు నోట్సు మర్చిపోతాడు, సైకిల్ తాళం వెతుక్కుంటాడు, తల్లి అరుస్తుంది, అతను ఏదో ఒకటి విసిరేసి తినకుండా పోతాడు.

థెరపిస్టు అడిగే మొదటి ప్రశ్న: ఏం కావాలి? తల్లి వెంటనే “కోపం తగ్గాలండీ” అంటుంది. అది కోరిక. దాన్ని కొలవడం కుదరదు. కాసేపు మాట్లాడాక అది ‘ఎనిమిదిన్నరకల్లా అన్నీ సర్దుకుని, తిని, గొడవ లేకుండా గుమ్మం దాటడం’ అని తేలుతుంది. రెండో మెట్టు, తోచిన దారులన్నీ చెప్పుకోవడం. ఇక్కడ నియమం ఒక్కటే, ఎవరు ఏది చెప్పినా రాసుకోవాలి, ఎవరూ నవ్వకూడదు, కొట్టిపారేయకూడదు. చెల్లెలు రాత్రే బ్యాగు సర్దమంటుంది. తండ్రి ఫోన్లోంచి అలారం పెట్టుకోమంటాడు. నాయనమ్మ బడి మానిపించేయమంటుంది. అదీ రాస్తారు. కుర్రాడు “అమ్మ అరవకుండా ఉంటే చాలు” అంటాడు. అదీ రాస్తారు. ఆ వారం మొత్తంలో అతి విలువైన వాక్యం బహుశా అదే. మూడో మెట్టులో ఒకటో రెండో ఎంచుకుంటారు. రాత్రి భోజనాల తర్వాత బ్యాగు సర్దడం, తలుపు వెనకాల నాలుగు బొమ్మలున్న కాగితం అంటించడం, తల్లి గుర్తు చేయాలనుకుంటే నోటితో కాకుండా ఆ కాగితం వైపు వేలు చూపించడం. నాలుగో మెట్టు, వారం రోజులు చేసి చూడటం. అయిదోది లెక్క చూసుకోవడం. బడి ఆరు రోజుల్లో నాలుగు రోజులు కుదిరింది. కుదరని రెండు రోజులూ తండ్రి రాత్రి ఆలస్యంగా ఫోన్ చేసిన రోజులే. మాటల్లో పడి బ్యాగు సంగతి మర్చిపోయారు. అయితే ఫోన్ మాట్లాడే వేళ ముందుకు జరపాలా, బ్యాగు సర్దే వేళా? వచ్చే వారం ఆ ముచ్చటతోనే మొదలవుతుంది.

ఇంతేనా అనిపించవచ్చు. ఇంతే. నుదుటి వెనక భాగం చేయాల్సిన పనిని కొన్నాళ్లు కాగితం, గోడ, చెల్లెలు కలిసి చేస్తాయి. చేయగా చేయగా అదే వరస పిల్లాడి చేతుల్లోకి దిగుతుంది. ఇంగ్లీషులో ఈ అయిదు మెట్లను ఏ నుంచి ఈ వరకు అక్షరాలతో గుర్తుపెట్టుకునేలా కూర్చారు. తెలుగులో ఆ అక్షరాల కోసం పాకులాడటం దండగ. చేతికి అయిదు వేళ్లున్నాయి, బొటనవేలు దగ్గర మొదలుపెడితే సరిపోతుంది.

ఇంత తేలిగ్గా కనిపించే పని, పరీక్షల్లో నెగ్గాక కూడా, అమెరికాలోనే మామూలు ఆస్పత్రుల్లోకి సులువుగా వెళ్లలేదు. థెరపిస్టులకు శిక్షణ ఇచ్చి పంపినా వాళ్లందరూ దాన్ని వాడలేదు. కారణాలు వింటే మనకు కొత్తగా అనిపించవు. దెబ్బ తగిలిన పిల్లల్ని పంపాల్సిన డాక్టర్లు పంపరు. ఉన్న పనికే సమయం చాలదు. ఆ గంటకు డబ్బు ఎవరిస్తారో స్పష్టంగా ఉండదు. మనకు లేని చిక్కు కూడా అక్కడ ఒకటుంది. ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉన్న థెరపిస్టు పక్క రాష్ట్రంలో ఉన్న పిల్లాడికి వీడియోలో థెరపీ చేయాలంటే చట్టం కొన్నిచోట్ల అడ్డొస్తుంది. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్లో నమోదవుతారు. అది దేశం మొత్తానికీ ఒకటే. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల గాయాల తర్వాత మెదడు పనులకు తిరిగి తర్ఫీదు ఇచ్చే అనుభవం దశాబ్దాలుగా ఉంది. అక్కడ నేర్చుకున్న తెలుగు సైకాలజిస్టు హైదరాబాదులో కూర్చుని సోంపేట పిల్లతో మాట్లాడటానికి రాష్ట్రాల సరిహద్దు అడ్డం రాదు. ఇంత పెద్ద వెసులుబాటును మనం పెద్దగా లెక్కలోకి తీసుకోకపోవడం విచిత్రం.

దూరం సంగతి ఈ జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్లకు పైనే. తల్లి కూలి పోతుంది, పిల్లాడి బడి పోతుంది, బస్సు చార్జీలు, బయట తిండి. దీనికి తోడు, మెదడు నలిగిన పిల్లలకు హారన్ల మోత, బస్సు కుదుపు తలనొప్పిని రేపుతాయి. మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చిన పిల్లాడితో గంటసేపు మాట్లాడి ఏం తేల్చగలరు? నెలకోసారి చూపించుకోవడం వేరు, పది వారాలు వారానికోసారి రావడం వేరు. రెండోది ఇక్కడ ఏ కూలి కుటుంబానికీ అయ్యే పని కాదు.

ప్రభుత్వ టెలిమెడిసిన్ ఉంది కదా అనే మాట వెంటనే వస్తుంది. ఉంది, బాగానే నడుస్తోంది కూడా. గ్రామ ఆరోగ్య కేంద్రం నుంచి పెద్ద డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది. దాన్ని అన్నిటికన్నా ముందు అమల్లో పెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2023 ఫిబ్రవరికి దేశం మొత్తం మీద 10 కోట్ల సంప్రదింపులు దాటాయి. 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా మనసు సమస్యల మీద మాట్లాడే మనిషి దొరుకుతారు. ఈ రెండిటిలో ఏదీ థెరపీ కోసం కట్టినది కాదు. ఈ-సంజీవని తీరు ఓపీ తీరు. సమస్య చెబుతారు, మందు రాస్తారు, అయిపోతుంది. రేపు మళ్లీ చేస్తే ఇంకో డాక్టరు రావచ్చు. జ్వరానికి దానివల్ల నష్టం లేదు. తల్లి అరుపు సంగతి ఒక వారం ఒకరికి, వచ్చే వారం ఇంకొకరికి చెప్పుకోమంటే ఆ పిల్లాడు మూడోసారి ఫోన్ ముందుకే రాడు. థెరపీకి కావాల్సింది అదే మొహం, అదే రోజు, అదే వేళ, పది వారాలు. ఉన్న వీడియో వ్యవస్థలోనే ఒక థెరపిస్టు పేరు మీద గంట గంట చొప్పున వేళలు కట్టిపెట్టే ఏర్పాటు వస్తే చాలు, కొత్త యాప్ అక్కర్లేదు. మన దగ్గర ఏ పథకం మొదలైనా ముందు యాప్ పుడుతుంది, మనుషులు తర్వాత వెతుక్కోవాల్సి వస్తుంది. ఇక్కడైనా ఆ వరస తిరగబడాలి.

మనుషులంటే ఎవరు? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి దేశంలో ఉంది. జిల్లా బృందంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఉండాలన్నది దాని లెక్క. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, విజయనగరంలో 2023లో మొదలైంది. ఆ ఆస్పత్రుల్లో కూర్చునే ఒక్క సైకాలజిస్టు వారంలో రెండు సాయంత్రాలు ఈ పనికి ఇస్తే, సాయంత్రానికి మూడు ఇళ్లు. అంటే ఒక పది వారాల్లో ఆరు కుటుంబాలు. చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ ఇప్పుడున్న సున్నాతో పోల్చాలి. మిగతా భారం పైనున్న నిపుణుడు చూసుకుంటూ ఉండగా, శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు, కౌన్సిలర్లు మోయగలరు. మెట్లు ముందే రాసిపెట్టి ఉన్న పద్ధతి కావడం వల్ల అందుకు వీలుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు సలహాలిచ్చే కౌన్సిలింగ్ అయితే అలా అప్పగించడం ప్రమాదం.

ఇంకొకరున్నారు, వీళ్లు ఎవరికీ గుర్తురారు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం అక్కడ ఐఈఆర్పీలనే ప్రత్యేక విద్యా టీచర్లుంటారు. వాళ్లకు ఊళ్లు తెలుసు, ఇళ్లు తెలుసు, హెడ్మాస్టర్లు తెలుసు. వీడియో కాల్ మొదటి రెండు వారాల్లో ఆ ఇంట్లో పక్కన కూర్చుని, ఫోన్ ఎక్కడ ఆనించాలో, కాగితం ఎలా రాసుకోవాలో చూపించడానికి అంతకన్నా తగినవాళ్లు దొరకరు. అయితే తల గాయమైన పిల్లలు వాళ్ల జాబితాలోకి చాలావరకు రారు, ఎందుకంటే ఆ జాబితా వైకల్యం చుట్టూ తిరుగుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలకు దెబ్బ తగలడం వల్ల వచ్చిన మెదడు గాయం అన్న పేరుతో విడిగా ఒకటి లేదు. చెయ్యో కాలో పడిపోతే ఆ ఖాతాలో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ రావచ్చు. మతిమరుపు, కోపం, అలసట మాత్రమే మిగిలిన పిల్లాడిని సదరం క్యాంపుకి తీసుకెళ్తే ఏ వరసలో నిలబెట్టాలో అక్కడివాళ్లకే తెలియదు. సర్టిఫికెట్ లేకపోతే పరీక్షలో అదనపు సమయం అడగడం కష్టం. పదో తరగతిలో ఆ సమయం దొరకడం, దొరకకపోవడం ఒక్కోసారి పాస్‌కీ ఫెయిల్‌కీ మధ్య తేడా.

కాబట్టి అసలు ముడి ఆస్పత్రి డిశ్చార్జ్ టేబుల్ దగ్గరుంది. ఆ రోజు చీటీలో ‘నెల తర్వాత రండి’ పక్కన ఇంకో వాక్యం పడాలి: ఈ పిల్లాడు ఫలానా బడి, ఫలానా తరగతి, ఫలానా నంబరుకు ఇన్ని రోజుల్లో ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ తల్లి చేయాల్సింది కాదు, వ్యవస్థ చేయాల్సింది. ఆ వారంలో ఆమెకు మాత్రలు గుర్తుంచుకోవడమే గగనం. పైగా అప్పటికి ఇంట్లో అందరూ ప్రాణం దక్కిందన్న సంతోషంలో ఉంటారు. కోపాలు, మరుపులు పైకొచ్చేసరికి రెండు నెలలు గడుస్తాయి. అప్పుడు ఎవరికి చెప్పుకోవాలో తోచదు. ఇంటికి వెళ్లిన పది రోజుల్లో ఒకటి, రెండో నెలలో ఒకటి, బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఒకటి, కనీసం మూడు ఫోన్లు. ఊళ్లో ఆశ కార్యకర్తకూ ఏఎన్ఎంకూ ఆ పేరు చేరాలి. బాలింత పేరు, క్షయ రోగి పేరు చేరుతున్నట్టే ఇదీ చేరవచ్చు.

ఫోన్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్ ఉంది’ అన్న మాట సగమే నిజం. ఇంట్లో ఉంది. కానీ అది పొద్దున్న పనికి వెళ్లేవారి జేబులో ఉంటుంది. థెరపీ వేళ పగలు పదకొండు గంటలకు పెడితే, ఆఫీసు టైము ప్రకారం బాగానే ఉంటుంది, ఇంట్లో మాత్రం ఫోనూ ఉండదు, తల్లీ ఉండదు, పిల్లాడూ ఉండడు. రాత్రి ఏడున్నర తర్వాతే కుదురుతుంది. అంటే థెరపిస్టు పని గంటలు మారాలి. మెళియాపుట్టి, మందస కొండవార ఊళ్లలో సిగ్నల్ ఒక గట్టు మీద వస్తుంది, ఇంట్లో రాదు. అలాంటి చోట పాఠాల వీడియోలు ముందే మెమరీ కార్డులో ఇచ్చి, మాట్లాడటం మామూలు కాల్లో పెట్టుకోవచ్చు. లేదా ఊళ్లోని ఆరోగ్య కేంద్రం గదిని సాయంత్రం తెరవాలి. మెదడు నలిగిన పిల్లలకు తెర వెలుగే పడదు, అరగంట దాటితే తల పట్టుకుంటారు. గంట పాఠాన్ని ఇరవై అయిదేసి నిమిషాలుగా రెండుసార్లు పెట్టినా తప్పేం లేదు.

వలస విషయంలో మాత్రం ఈ పద్ధతి మనకు అనుకోని మేలు చేస్తుంది. శ్రీకాకుళం తీరం మత్స్యకారులు గుజరాత్ వేరావల్ దాకా వెళ్తారు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి హైదరాబాదు, చెన్నై, విజయవాడ పనులకు వెళ్లేవాళ్లకు లెక్కలేదు. ఆస్పత్రి గదిలో జరిగే థెరపీ అయితే ఆ తండ్రి ఎప్పటికీ బయటివాడే. నెలకోసారి ఫోన్ చేసి ‘బాగా చదువుకోరా’ అనడం తప్ప అతనికి వేరే వేషం ఉండదు. గ్రూప్ వీడియో కాల్లో మాత్రం అతను కూడా ఆ అయిదు వేళ్ల లెక్కలో ఉంటాడు. కొడుకు మొండితనం మొండితనం కాదనీ, గాయమనీ తొలిసారి థెరపిస్టు నోట వింటాడు. ముఖాముఖిగా చేయాల్సిన తొలి పరీక్షలు, ఇంటివాళ్లందరితో కూర్చోవడం లాంటివి సంక్రాంతికో, విజయనగరం వైపైతే పైడితల్లమ్మ సిరిమాను పండక్కో పెట్టుకుంటే అందరూ ఊళ్లోనే దొరుకుతారు. పండగ పూట ఆస్పత్రి పనేంటని విసుక్కునేవాళ్లు ఉంటారు. ఆ పూటే తీరిగ్గా దొరికే మనిషి తండ్రి అని చెప్పాలి.

భాష కూడా చిన్న విషయం కాదు. అమెరికా పాఠాల్లో పిల్లాడు తన గదిలో తలుపేసుకుని కూర్చుంటాడు, కారు తాళాల కోసం తండ్రితో వాదిస్తాడు. వాటి కింద తెలుగు అక్షరాలు వేస్తే చూసేవాళ్లకు అది వేరే వాళ్ల గొడవే. ఒక్క గది ఇల్లు, పక్కింటి వాళ్లకు వినపడే మాటలు, ‘అల్లుడొస్తున్నాడు, వీణ్ణి కాసేపు బయటకు పంపించండి’ అనే బంధువులు, ఇవీ ఇక్కడి దృశ్యాలు. మళ్లీ తీయాలి, ఉత్తరాంధ్ర మాటతో తీయాలి. కృష్ణా, గోదావరి జిల్లాల పుస్తకాల తెలుగులో ‘భావోద్వేగ నియంత్రణ’ అని చెబితే నాయనమ్మ లేచి వెళ్లిపోతుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లున్నాయి, కొండల్లో సవర మాట్లాడే ఇళ్లున్నాయి. మారుస్తున్నాం కదా అని ఎక్కడ పడితే అక్కడ మార్చడానికీ లేదు. ఉదాహరణలు మార్చవచ్చు, మాట మార్చవచ్చు, కాల్ నిడివి మార్చవచ్చు. అయిదు మెట్ల వరస, ఇంటివాళ్లు కలిసి కూర్చోవడం, వారం తర్వాత లెక్క చూసుకోవడం, ఈ మూడూ తీసేస్తే మిగిలేది ఉత్త ఫోన్ పలకరింపు.

ఆశ్రమ పాఠశాలల్లో, జూనియర్ కాలేజీ హాస్టళ్లలో ఉండే పిల్లల చిక్కు వేరు. పక్కన కూర్చునేందుకు ఇంటివాళ్లుండరు. వార్డెనో క్లాస్ టీచరో ఆ స్థానంలోకి రావాలి. ఉదయం అయిదుకు లేపి రాత్రి పదిన్నర దాకా చదివించే హాస్టల్లో తల గాయమైన పిల్లాడిని దెబ్బ తగిలిన నెలకే కూర్చోబెట్టడం కన్నా పెద్ద హాని లేదు. స్వల్ప గాయమైనా ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా చదువు పెంచుకుంటూ పోవడం అన్నది ఇప్పుడు అంతటా ఒప్పుకున్న పద్ధతి. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడమూ తప్పే, మొదటి రోజే ఎనిమిది పీరియడ్లూ తప్పే. థెరపిస్టు మాట్లాడే పది గంటల్లో ఒక గంట హెడ్మాస్టరుతో మాట్లాడటానికి ఖర్చు చేస్తే, మిగతా తొమ్మిదీ నిలుస్తాయి.

జాగ్రత్తలు కొన్ని దాటవేయడానికి లేదు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టర్ల కోసం రాసినవి. పదహారేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు ఒకరు కాల్లో ఉండాలని, ఆ మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలని అవి చెబుతున్నాయి. థెరపిస్టులూ అదే పాటించడం క్షేమం. 2023 డిజిటల్ డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. కాల్ రికార్డు చేయకపోవడమే మేలు. అయితే మార్గదర్శకాలు పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టమంటే, పదహారేళ్ల పిల్లకు తల్లి ముందు చెప్పుకోలేనివి ఉంటాయి. కాల్లో చివరి అయిదు నిమిషాలు ఇయర్‌ఫోన్ పెట్టుకుని అరుగు మీదకు వెళ్లి ఒంటరిగా మాట్లాడే వీలు మొదటి వారమే మాట్లాడుకోవాలి. లేకపోతే తర్వాత అడగడం కష్టం. మెదడు గాయం తర్వాత దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చే పిల్లలుంటారు. కాల్ మొదట్లోనే పిల్లాడు ఆ క్షణంలో ఎక్కడున్నాడు, దగ్గర్లో ఉన్న పెద్దమనిషి నంబరేంటి రాసుకోవాలి. వాంతులు, తలనొప్పి ఎక్కువవడం, ఫిట్స్, మగతగా ఉండటం కనిపిస్తే అది థెరపిస్టు పని కాదు, వెంటనే 108.

డబ్బు గురించి క్లుప్తంగా. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల లెక్కంతా ఆపరేషన్, ఐసీయూ చుట్టూ తిరుగుతుంది. మాటలతో చేసే వైద్యానికి ధర కట్టడం అలవాటు లేదు. తల గాయం కేసులో డిశ్చార్జ్ తర్వాతి పది కాల్స్‌ను కూడా అదే చికిత్సలో భాగంగా చూస్తే, థెరపిస్టు సాయంత్రానికి జీతం దొరుకుతుంది. ఆపరేషన్ ఖర్చు ముందు అది ఎంతని.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇక తేలికే. రెండు జిల్లాల పెద్దాసుపత్రుల్లో తలకు దెబ్బతో చేరి, 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి పిల్లాడి పేరూ పిల్ల పేరూ ఒక నోటుబుక్కులో రాయడంతో. పేరు పక్కన బడి, తరగతి, రాత్రి వేళ ఎత్తే ఫోన్ నంబరు, తండ్రి ఏ ఊళ్లో పనిలో ఉన్నాడు. ఆర్నెల్లు అలా రాశాక ఆ పుస్తకంలో చూడాల్సినవి మూడు. ఇంటికెళ్లిన పది రోజుల్లో ఎంతమందికి ఫోన్ వెళ్లింది, వెళ్లినవాళ్లలో ఎంతమంది నాలుగో వారం దాటారు, జూన్లో బడి తెరిచిన రోజున ఎంతమంది బెంచీ మీద ఉన్నారు. నాలుగో వారానికే సగం మంది జారిపోతే వేళ తప్పో, భాష తప్పో వెతుక్కోవాలి. అసలు ఫోనే వెళ్లకపోతే తప్పు డిశ్చార్జ్ టేబుల్ దగ్గరే ఉంది.